ప్రశ్నకంటే ముందొచ్చిన ఒంటె

జూలైలో ఒక సోమవారం, పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో ఉన్న ఒక ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పడానికి చేరాను. నా హోదా అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్. రెగ్యులర్ టీచరు లేని సబ్జెక్టుకు, ఆ టీచరు వచ్చేవరకు తాత్కాలికంగా పెట్టుకునే మనిషి అని దానర్థం. హాజరుపట్టీలో హెడ్మాస్టరు పేరు, స్కూల్ అసిస్టెంట్ల పేర్లు, వ్యాయామ ఉపాధ్యాయుడి పేరు అన్నీ అయ్యాక ఒక గీత కొట్టి, మాలాంటివాళ్ల పేర్లు ఆ గీత కింద రాస్తారు. రెండు విద్యా సంవత్సరాలు గీత కింద సంతకం పెట్టాను. తర్వాత రెగ్యులర్ టీచరు వచ్చారు, నేను తప్పుకున్నాను. ఉద్యోగ జ్ఞాపకాలు మామూలుగా రిటైరైనవాళ్లు రాస్తారు. నా వయసుకు రిటైర్మెంటు కుదరదు గానీ, నా పోస్టు మటుకు రిటైరైంది. ఆ పాటి అర్హతతోనే ఇది రాస్తున్నాను.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. మగ్గం చప్పుడులో మాట్లాడి మాట్లాడి మా అక్క గొంతు పెద్దదైంది. నేను మాట్లాడడమే తగ్గించుకున్నాను. హిందూపురంలో బీఈడీ చేసేటప్పుడు, టీచింగ్ ప్రాక్టీసు చూడడానికి వచ్చిన లెక్చరర్ నా రికార్డులో "విషయం ఉంది, గొంతు లేదు" అని రాసి వెళ్లారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది గానీ, అబద్ధమైతే కాదు. చదువుకోవడం, చదివినదాని గురించి రాత్రిపూట డైరీలో రాసుకోవడం, ఈ రెండే నాకు చేతనైన పనులు. క్లాసులో మాత్రం ఒక వింత జరిగేది. గుండుసూదో, అద్దం ముక్కో చేతిలో పట్టుకొని పిల్లల ముందు నిలబడితే, నేను మాట్లాడుతున్నానన్న సంగతే మరిచిపోయేదాన్ని. నేను అలా ఉండగలిగిన చోటు అదొక్కటే. అందుకే ఆ ఉద్యోగం నాకు కావాలి. ఎంత కావాలో అప్పట్లో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ సర్దుబాటు పీరియడ్ గురించి చెప్పాలి. ఏ టీచరైనా సెలవు పెడితే, ఆ రోజు ఆ టీచరు పీరియడ్లను ఖాళీగా ఉన్నవాళ్లకు పంచుతారు. ప్రార్థన ముగిసేలోపల హెడ్మాస్టరు ఒక పుస్తకంలో రాసి పంపిస్తారు, మనం మన పేరుకెదురుగా సంతకం పెట్టాలి. పేరుకు అందరికీ పంచాలి. జరిగేది ఏమిటంటే, ఎక్కువ గీత కింది వాళ్లకే వస్తాయి. స్టాఫ్ రూములో మాథ్స్ చెప్పే నాగభూషణం సారు రోజూ నన్ను చూసి, "ఏం పాపా, ఈ పొద్దు యాడ డ్యూటీ? హిందీనా, డ్రిల్లా?" అని అడిగేవారు. ఆయన వేళాకోళంలో విషం ఉండదు. కానీ నేను సిగ్గుతో జవాబు చెప్పేలోపల ఆయన టీ తాగేసి వెళ్లిపోయేవారు.

సర్దుబాటు పీరియడ్‌కు ఎక్కడా రాయని నియమం ఒకటుంది. ఇంకొకరి పాఠం ముట్టుకోకూడదు. పక్కింటి పొయ్యి మీది కూరలో గరిటె పెట్టి తిప్పినట్టు ఉంటుంది. పిల్లల చేత చదివించవచ్చు, రాయించవచ్చు, గొడవ లేకుండా చూసుకోవచ్చు. అంతే. కాబట్టి నేను పిల్లలతోపాటు చదివేదాన్ని. ఎనిమిదో తరగతి పుస్తకాలన్నీ అలా చదివాను. ఎడమవైపు పేజీలో ఇంగ్లీషు, కుడివైపు పేజీలో తెలుగు ఉండే ఆ లావు పుస్తకాలను నవలల్లాగా చదివాను. నేను చదువుకున్నప్పుడు ఇవి ఇంత బాగుండేవా అని ఆశ్చర్యపోయాను. సోషల్లో వానలు ఎందుకు పడతాయో చదివి, ఆ తర్వాతి పీరియడ్‌లో నా సొంత క్లాసుకు పోయి ఆవిరి గురించి చెప్తుంటే ఒళ్లు జలదరించేది. తెలుగు పీరియడ్‌లో గురువు, లఘువు అంటూ పిల్లలు బెంచీ మీద చేతులతో తాళం వేస్తుంటే, ఇది మాథ్స్ కదా అనిపించేది.

అయితే ఇంకొకటి కూడా కనిపించింది. ఉదయం మాథ్స్ పీరియడ్‌లో వైశాల్యం చకచకా కట్టిన పిల్లలే, మధ్యాహ్నం నా క్లాసులో వైశాల్యం అనగానే కొత్త మాట విన్నట్టు చూసేవాళ్లు. గంట కొట్టగానే ఆ పుస్తకం సంచిలోకి, దానితోపాటు అందులోని మాటలు కూడా సంచిలోకి. ఏ సబ్జెక్టు సామాను దానిదే. దీని గురించి చాలా రోజులు డైరీలో రాశాను. స్టాఫ్ రూములో మాత్రం నోరెత్తలేదు.

ఇక అసలు సంగతి. ఇన్‌స్ట్రక్టర్లకు సేవను అర్ధ సంవత్సర పరీక్షల వరకే ఇస్తారు. ఆ తర్వాత పొడిగించాలంటే మా హెడ్మాస్టరు సిఫారసు చేయాలి, స్కూల్ కాంప్లెక్స్ అధ్యక్షురాలు పాఠం చూసి పరిశీలన పత్రం రాయాలి. చుట్టుపక్కల స్కూళ్లన్నింటినీ కలిపి ఒక కాంప్లెక్స్ అంటారు. నెలకోసారి అక్కడి టీచర్లందరూ ఒక స్కూల్లో కలుస్తారు, ఎవరో ఒకరు ఆ స్కూలు పిల్లలకే మాదిరి పాఠం చెప్తారు, మిగతావాళ్లు వెనక కూర్చొని చూస్తారు. నవంబరు సమావేశం మా స్కూల్లో. వంతు భౌతికశాస్త్రానిది. అంటే నాది. పొడిగింపుకు చూడాల్సిన పాఠం కూడా ఆ పాఠమే అని అధ్యక్షురాలు కబురు పంపారు. ఆమెను అందరూ కాంప్లెక్స్ మేడం అనేవారు. కచ్చితమైన మనిషి. ఇంకొక స్కూల్లో ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు పొడిగింపు అక్కర్లేదని రాశారని అందరికీ తెలుసు.

మా హెడ్మాస్టరు రామాంజనేయులు సారు మంచి మనిషి, భయస్తుడు. నన్ను ఆఫీసు గదికి పిలిచి, "పాపా, నీ గొంతు నీకే ఇనపడదు. ఆ మేడం ఊరికే ఉండేరకం గాదు. జాగ్రత్తగా జెప్పల్ల" అన్నారు. నేను ఎనిమిదో తరగతికి 'పీడనం' పాఠం ఎంచుకొని, లెసన్ ప్లాన్ రాసి, సంతకం కోసం ఆయన బల్ల మీద పెట్టాను. ఇది మామూలు పద్ధతే. ప్లాన్‌లో ప్రశ్నలు వరసగా ఉంటాయి, ఒక్కొక్క ప్రశ్నకెదురుగా పిల్లల దగ్గర నుంచి రావాల్సిన జవాబు ఉంటుంది. గుండుసూదికి మొన ఎందుకు? తక్కువ చోటు మీద బలం పడుతుంది కాబట్టి. స్కూలు సంచి పట్టీ వెడల్పుగా ఎందుకు? ఎడారి ఇసుకలో ఏ జంతువు సులభంగా నడుస్తుంది? ఒంటె. ఒంటె బొమ్మను చార్టు మీద గీసి రంగులు కూడా వేశాను.

సమావేశానికి ముందటి శనివారం సారు నన్ను పెనుకొండకు పంపించారు. పరిశీలన పత్రాలు జిరాక్స్ తీయించుకొని రావాలన్నారు. అక్కడ కరెంటు పోయింది, జిరాక్స్ షాపులో కూర్చోవాల్సి వచ్చింది. నేను తిరిగి వచ్చేసరికి బడి వదిలేశారు. ఆ మధ్యాహ్నమంతా ఎనిమిదో తరగతిలో ఏం జరిగిందో సమావేశం రోజు వరకు నాకు తెలియదు.

ఆ రోజు పొద్దున వాన జల్లు పడి ఆగింది. మా క్లాసు గదిలో వెనక రెండు వరసలు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పది స్కూళ్ల టీచర్లు, ఒక్కొక్కరి చేతిలో ఒక పరిశీలన పత్రం. మధ్యలో కాంప్లెక్స్ మేడం. పక్కన మా సారు, చేతి రుమాలుతో మెడ తుడుచుకుంటూ. పిల్లలు తల దువ్వుకొని, యూనిఫారం మడతలు చెదరకుండా, ఎప్పుడూ లేనంత నిటారుగా కూర్చున్నారు. నేను బోర్డు మీద 'పీడనం' అని రాసి, బల్ల మీది గుండుసూది తీసి పైకెత్తాను. ఇంకా నోరు తెరవలేదు.

ముందు బెంచీలో మహబూబ్ బాషా చటుక్కున లేచి నిలబడి, "ఒంటె మేడం!" అన్నాడు.

వాడి వెనక పిల్ల వాడి చొక్కా పట్టి లాగి, "రేయ్, ఒంటె మూడోది! కూర్చోరా!" అంది.

ఇంకొకడు సాయానికి వచ్చాడు. "మొదటిది తక్కువ చోటు మీద బలం పడుతుంది కాబట్టి మేడం. రెండోది సంచి."

"రెండోది ఆ పిల్ల జెప్పల్ల, నువ్వు గాదు! హెడ్మాస్టర్ సార్ పంచిచ్చినాడు గదా" అంది చొక్కా లాగిన పిల్ల.

వెనక వరసల్లో ఎవరో ఫక్కున నవ్వారు. ఇక ఆగలేదు, అందరూ నవ్వారు. మా సారు రుమాలు ముఖం మీదికి పోయింది. శనివారం ఆయన నా ప్లాన్ చూసి, నా మీద జాలితో, నా ఉద్యోగం నిలబెట్టాలని, జవాబులన్నీ పిల్లలకు పంచి వల్లె వేయించారు. మాదిరి పాఠాలకు ముందు ఇలా ఒకసారి 'తిప్పించడం' కొత్తేం కాదు, చాలా స్కూళ్లలో ఉన్నదే. చెప్పే టీచరుకు మాత్రం ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది. ఇక్కడ నాకు తప్ప అందరికీ తెలుసు. కాంప్లెక్స్ మేడం నవ్వలేదు. పత్రం మీద ఏదో రాసి, "ఏం సార్, పిల్లోళ్లు శానా బాగా తయారైండారే" అన్నారు మా సారుతో. ఆ మాట వెనక వరసంతా విన్నది.

నా ఉద్యోగం ఆ మాటతో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ భయం కింద ఇంకేదో కదిలింది. చెప్పడానికి ప్లాన్ లేదు. అడగడానికి ప్రశ్న లేదు. అన్ని జవాబులూ బయటికి వచ్చేశాయి. ఇప్పుడు నేను ఏదైనా అడగవచ్చు. అంత తేలికగా నాకు జీవితంలో ఎప్పుడూ అనిపించలేదు.

చార్టు చుట్టేసి పక్కన పెట్టాను. "ఒంటెను కంటితో చూసినవాళ్లు చెయ్యెత్తండి" అన్నాను. ఎవరూ ఎత్తలేదు. "నేనూ చూడలేదు. మీరు రోజూ చూసే కాళ్లు ఏవి?"

ఆవు, బర్రె, కోడి, కుక్క అంటూ జవాబులు వచ్చాయి. అప్పుడు పవిత్ర లేచింది. వాళ్ల ఇంట్లో గొర్రెల మంద ఉంది. క్లాసులో సామాన్యంగా మాట్లాడే పిల్ల కాదు.

"గొర్రె కాలు దిగబడ్తాది మేడం. బురదలో. మా నాయన కాలు అంత దిగబడదు."

"మీ నాయన గొర్రెకన్నా బరువు తక్కువేమో!" అన్నాడు బాషా.

"మా నాయన గొర్రెను బుజాన ఎత్తుకొని నడుస్తాడు రా! అప్పుడు గూడా దిగబడదు!"

"ఎట్ల దిగబడదు? మనిషికి రెండే కాళ్లు. గొర్రెకు నాలుగు. నాలుగైతే బరువు పంచుకుంటాయి గదా. మనిషే దిగబడల్ల, గొర్రె పైనే ఉండల్ల. చెప్పండి మేడం!"

క్లాసు రెండుగా చీలిపోయింది. అందరూ నా వైపు చూశారు. బాషా మాటలో తర్కం ఉంది. పవిత్ర మాటలో కళ్లతో చూసింది ఉంది. నేను ధర్మవరంలో పుట్టి పెరిగినదాన్ని, గొర్రె అడుగును ఎప్పుడూ వంగి చూడలేదు. "నాకు తెలియదు" అన్నాను. వెనక వరసల్లో పెన్నులు ఆగాయి. మాదిరి పాఠంలో టీచరు ఆ మాట అనదు. "కొలిస్తే తెలుస్తుంది" అని కూడా అన్నాను.

మధ్యాహ్న భోజనం వండే గది పక్కన కొళాయి ఉంది. అక్కడ ఎప్పుడూ బురదే. ప్రహరీ గోడ ఒకచోట కూలిపోయి ఉండడంతో, పొద్దున్నే గొర్రెల మందలు మైదానం మీదుగా పోతుంటాయి. ఆ రోజు వాన కూడా పడింది కాబట్టి బురదంతా అడుగులే. పిల్లలను బయటికి తీసుకుపోతున్నానని చెప్పి, ఎవరి అనుమతీ అడగకుండా నడిచాను. నా వెనక పిల్లలు, పిల్లల వెనక టీచర్లు. కొందరు కుర్చీలు కూడా మోసుకొచ్చారు. బయటికి వచ్చాక ఒక్కరూ కూర్చోలేదు.

బురద మీద గ్రాఫ్ కాగితం పెడితే తడిసిపోయింది. పవిత్ర తన పుస్తకానికి వేసిన ప్లాస్టిక్ అట్ట ఊడదీసి, దాన్ని గొర్రె అడుగు మీద పరిచి, స్కెచ్ పెన్నుతో చుట్టూ గీసింది. దాన్ని గ్రాఫ్ కాగితం మీద పెట్టి సెంటీమీటరు గళ్లు లెక్కపెట్టాలి. అంచుల్లో తెగిపోయిన గళ్లను ఏం చేయాలని గొడవ మొదలైంది. నాగభూషణం సారు అంతసేపు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నవారు, ఇక తట్టుకోలేకపోయారు. "సగానికి ఎక్కువుంటే ఒకటి, తక్కువుంటే వదిలేయల్ల. ఎన్నిసార్లు జెప్పల్లప్పా?"

"సార్, అది మీ క్లాసుది గదా!" అంది ఒక పిల్ల నిజంగా ఆశ్చర్యపోయి.

"మా క్లాసుదే. ఈడికి రాకూడదని యాడన్నా రాసిపెట్టిండాదా?" అంటూ ఆయన ప్యాంటు పైకి మడిచి పిల్లల మధ్యలో గొంతుక్కూర్చున్నారు.

మా స్కూలు జీవశాస్త్రం మేడం వంగి చూసి, గొర్రె గిట్ట రెండుగా చీలి ఉంటుంది కదా, మధ్య సందును లెక్కలోంచి తీసేయాలన్నారు. వ్యాయామం చెప్పే పీఈటీ సారు, నేను అడగకముందే, పిల్లల బరువులు చూసే మిషను మోసుకొచ్చారు. బాషాను చెప్పులు విప్పించి దాని మీద నిలబెట్టారు. గొర్రె లేదు కాబట్టి, దాని బరువును పవిత్ర అంచనా వేసి చెప్పింది. బాషా రెండు పాదాలనూ గ్రాఫ్ కాగితం మీద గీశారు. లెక్క కట్టడానికి బోర్డు లేదు, వంటగది ముందరి గచ్చు మీద సుద్దముక్కతో కట్టారు. కిలోలు గాదు, న్యూటన్‌లలోకి మార్చాలని వేరే స్కూలు ఫిజిక్సు సారు ఒకాయన పట్టుబట్టారు. పోలిక కోసమే కాబట్టి రెండింటికీ కిలోలే ఉండనిమ్మని నేను అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషికి ఎదురు చెప్పానని. ఆయన "అవును, అదీ నిజమే" అని సుద్దముక్క నాకిచ్చారు.

గొర్రె కాళ్లు నాలుగూ కలిపినా బాషా ఒక్క పాదమంత చోటు కూడా లేదు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద గొర్రె పీడనం బాషా పీడనానికి రెండింతలకు పైనే వచ్చింది. ఎన్ని కాళ్లున్నాయన్నది కాదు, అన్నీ కలిపి ఎంత చోటు ఆక్రమిస్తున్నాయన్నదే లెక్క. ఆ మాట నేను చెప్పలేదు. తన లెక్క తనే రెండోసారి చూసుకొని బాషా చెప్పాడు. ఓడిపోయినవాడి గొంతుతో కాదు, ఏదో దొరికినవాడి గొంతుతో.

పవిత్ర ముఖం వెలిగిపోయింది. "చెప్పలేదా? ఏదైనా సరే, గొర్రెకన్నా ఎక్కువ దిగబడేది లేదు!"

అప్పుడే కాంప్లెక్స్ మేడం గచ్చు మీది లెక్క దగ్గరగా చూద్దామని ఒక అడుగు ముందుకేశారు. ఆ అడుగు గచ్చు అంచు దాటి బురదలో పడింది. ఆమెవి మడమ ఎత్తు చెప్పులు. మడమ కసుక్కున దిగింది. పక్కనున్న టీచరమ్మ చెయ్యి పట్టుకొని ఆమె కాలు పైకి తీసుకున్నారు. బురదలో చిన్న గుంట, చుట్టుపక్కల ఉన్న గొర్రె అడుగులన్నిటికన్నా లోతుగా, గుండ్రంగా మిగిలింది.

అందరం దాన్ని చూశాం. మా హెడ్మాస్టరు సారు కళ్లు మూసుకున్నారు. బాషా మాత్రం ఉండబట్టలేక, "మేడం చెప్పు గొర్రెను గెలిచింది మేడం!" అన్నాడు నాతో, తన మట్టుకు అది గుసగుసే అనుకున్నాడు గానీ, వంటగది దాకా వినపడింది.

కాంప్లెక్స్ మేడం వంగి ఆ గుంటను చూశారు. "చూస్తా ఊరికే నిలబడినారేం? కొలవండి" అన్నారు.

ఆమె చెప్పు విప్పి ఇచ్చారు. మడమ కింది భాగం గ్రాఫ్ కాగితం మీద గీస్తే తొమ్మిది గళ్లు కూడా నిండలేదు. ఇక బరువు కావాలి. పీఈటీ సారు మిషను వైపు చెయ్యి చూపబోయి ఆగిపోయారు. "మిషను ఎక్కేది లేదు. మీరే ఏదో ఒకటి వేసుకోండి" అన్నారు ఆమె. నాగభూషణం సారు చాలా మర్యాదగా ఒక అంకె చెప్పారు. ఆమె గచ్చు మీద అంకెను చూసి, "లెక్క తప్పొస్తాది సార్. ఇంకో పది వేసుకోండి" అన్నారు. ఆ మాటకు టీచర్లు, పిల్లలు, వంటమనిషి, అందరూ నవ్వారు. ఈసారి ఆమె కూడా నవ్వారు.

మొత్తం బరువు ఆ ఒక్క మడమ మీదే పడితే, గొర్రె లెక్కకు పదింతలు దాటింది. పవిత్ర ఒప్పుకోలేదు. "గొర్రె చెప్పులేసుకోదు గదా మేడం! చెప్పులిడిచి రమ్మనండి, అప్పుడు చూద్దాం!" అంది. అది న్యాయమైన అభ్యంతరమని జీవశాస్త్రం మేడం ఆ పిల్ల పక్షం చేరారు. నడిచేటప్పుడు గొర్రె నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనవు కదా, అప్పుడు లెక్క మారదా అని ఇంకెవరో అన్నారు. ఎటుచూసినా వాదనే. నేను ఎక్కడా గొంతు పెంచలేదు, పెంచే అవసరం రాలేదు. ఎవరికి ఏం కావాలో వాళ్లే నా దగ్గరికి వచ్చి అడిగారు. పీరియడ్ అయిపోయిందని గంట కొట్టారట. నాకు వినపడలేదు.

మధ్యాహ్నం సమీక్ష జరిగింది. చూసిన పాఠం మీద ఒక్కొక్కరు అభిప్రాయం చెప్పడం ఇందులో పద్ధతి. పరిశీలన పత్రంలో గళ్లుంటాయి. పాఠ్య ప్రణాళికను అనుసరించారా? లేదు. బోధనాభ్యసన సామగ్రిని వాడారా? చార్టు విప్పనే లేదు. కంఠస్వరం? ఇక్కడ చాలామంది నన్ను చూసి తల దించుకున్నారు. ప్రతి గడిలోనూ నాకు వ్యతిరేకంగానే పడింది. కాంప్లెక్స్ మేడం అందరివీ విన్నాక, పిల్లలకు జవాబులు ముందే ఎవరు నేర్పించారని అడిగారు.

నేనేదో అనేలోపల మా సారు లేచి నిలబడ్డారు. "నేనే మేడం. ఈ పాపకు తెలీదు. చిన్న గొంతు, ఏమైతాదోనని నేనే నేర్పిచ్చినా. రాసేదుంటే నా మీద రాయండి." ఆయన చేతిలో రుమాలు లేదు ఆ సమయంలో. భయస్తుడని నేను అనుకున్న మనిషి.

ఆమె పత్రాన్ని మొదటి నుంచి ఇంకోసారి చదివారు. పొడిగింపు వస్తుందో రాదో ఆమె ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు. చివరికి, "మీరు నేర్పించినదానికి నేను మార్కులేమీ వేయలేదు సార్. మీరు నేర్పించనిదానికి వేసినా" అని పత్రం మడిచి ఫైలులో పెట్టుకున్నారు. నా వైపు తిరిగి, గొంతు పెంచడం అలవాటు చేసుకోవాలని, ఈసారి ప్లాన్‌లో లేనిది చేయాలనుకుంటే ముందు ప్లానే మార్చుకోవాలని మామూలు స్వరంతో చెప్పారు. నేను తల ఊపాను.

అర్ధ సంవత్సర పరీక్షలు జరుగుతుండగానే పొడిగింపు ఉత్తర్వు వచ్చింది. పరిశీలన పత్రం నకలు కూడా జతచేశారు. ప్రణాళిక అనుసరించలేదు, స్వరం తక్కువ, సేవ కొనసాగించవచ్చు. మూడే ముక్కలు. ఆ రోజు ఇంటికి పోతూ రైలు ధర్మవరం చేరేదాకా ఆ కాగితాన్ని ఎన్నిసార్లు తీసి చదివానో. పెట్టెలో నా ఎదుట కూర్చున్న ముసలామె, "ఏమ్మా, పెండ్లి పత్రికా?" అని అడిగింది. కాదవ్వా, ఉద్యోగం అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను. రెండోసారి అడగలేదు.

స్కూల్లో కొన్ని మార్పులు వచ్చాయి, పెద్దవేమీ కాదు. నాగభూషణం సారు నా పాఠంలో వైశాల్యం ఎప్పుడొస్తుందో అడిగి, ఆ వారంలోనే తన క్లాసులో పాదాలు, ఆకులు గీయించి గళ్లు లెక్కపెట్టించారు. జీవశాస్త్రం మేడం గిట్టల పాఠానికి పవిత్రను ముందుకు పిలిచి బొమ్మ గీయించారు. మాదిరి పాఠం మరుసటి రోజే పవిత్ర ఒక గొర్రెను తాడు కట్టి బడికి తీసుకొచ్చింది, తన అంచనా సరో కాదో తూచి చూడాలని. గొర్రె మిషను మీద నిలబడలేదు. పీఈటీ సారు దాన్ని ఎత్తుకొని మిషనెక్కి, తర్వాత ఒక్కరే ఎక్కి, తేడా చూశారు. పవిత్ర అంచనా తక్కువైంది. గొర్రె ఇంకా బరువే. "చూసినారా, గొర్రెదే పైచెయ్యి!" అని ఆ పిల్ల కాంప్లెక్స్ మేడంకు కబురు పంపమంది. మా సారు పంపించలేదు.

మాదిరి పాఠం రోజు నుంచి నా లెసన్ ప్లాన్ రాసే పద్ధతి మారింది. అంతకుముందు ప్రశ్నకెదురుగా రావాల్సిన జవాబు రాసేదాన్ని. తర్వాత, ఆ ప్రశ్నకు పిల్లలు ఏమేం తప్పు చెప్పగలరో రాయడం మొదలుపెట్టాను. బాషా చెప్పిన నాలుగు కాళ్ల తర్కంలాంటి మంచి తప్పు ఒక్కటైనా దొరక్కపోతే ఆ ప్రశ్నను కొట్టేసేదాన్ని. సంతకానికి పెట్టినప్పుడు రామాంజనేయులు సారు మొదట్లో, "ఏమ్మా, అన్నీ తప్పులే రాసినావే?" అనేవారు, తర్వాత అలవాటుపడ్డారు. ఒకే జవాబున్న ప్రశ్నను ఎవరైనా ముందురోజే పిల్లలకు నేర్పించవచ్చు, దానికి ఆ పీరియడ్ అక్కర్లేదు. తప్పులు పుట్టించే ప్రశ్నకు మాత్రం క్లాసు జరిగి తీరాలి.